బండి ఎవరి పేరున ఉంది?

(పెద్దమందడిలో స్త్రీల సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా ఇస్తున్నాం.)



హక్కుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఏ హక్కు గురించి అని సంఘం వాళ్ళు ఫోనులో అడిగితే, టోల్ గేటు గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "మేడమ్, అది కార్లున్నోళ్ళ బాధ గదా" అన్నారు. మీలో చాలామందికి ఇప్పుడు కూడా అదే అనిపిస్తూ ఉండవచ్చు. గృహహింస, భూమి హక్కు, కూలి రేట్లు ఇన్ని ఉండగా ఈమె టోల్ రసీదులు పట్టుకొచ్చిందేమిటని. నేను చెప్పేది విన్నాక ఆ మాట నిజమో కాదో మీరే తేల్చండి.

ముందు నాకు జరిగిన సంగతి చెబుతాను. అది ఈ దగ్గరి గేటు కాదు, వేరే చోట. ఏ గేటు అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. కారు నేనే నడుపుతున్నాను. పక్కన మా అక్క కొడుకు, ఇంటర్ చదివే పిల్లవాడు కూర్చున్నాడు. గేటు దాటిన రెండు నిమిషాలకు ఒకే ప్రయాణానికి రెండుసార్లు డబ్బు కట్ అయిందని తెలిసింది. అది కూడా నాకు కాదు, ఇంట్లో ఉన్న నా భర్తకు తెలిసింది. మెసేజ్ ఆయన ఫోనుకు వస్తుంది మరి. ఆయన ఫోన్ చేసి చెబితే నేను బండి పక్కకు ఆపి వెనక్కు నడిచి వెళ్ళాను. అక్కడి సూపర్‌వైజరు నేను చెప్పింది విన్నాడు. విని, నా వెనక నిలబడ్డ పిల్లవాడితో "బండి ఎవరి పేరున ఉంది తమ్ముడూ?" అని అడిగాడు. "మా బాబాయి పేరు మీద" అన్నాడు వాడు. "అయితే సార్‌తో మాట్లాడించండి" అన్నాడాయన.

ఆయన దురుసుగా మాట్లాడలేదు. ఆ మర్యాదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. బండి నడిపింది నేను, పెట్రోలు పోయించింది నేను, ట్యాగ్‌లో ఆ నెల డబ్బు వేసింది నా జీతంలోంచి. సోషియాలజీలో డాక్టరేటు ఉంది, డ్రైవింగ్ లైసెన్సు ఉంది. ఫిర్యాదు చేయడానికి ఇవేవీ చాలలేదు. ఆర్.సి. మీద పేరు ఉన్న మనిషి కావాలి. భూమి దగ్గర మనం ముప్ఫై, నలభై ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్నే ఇది. దున్నేది ఎవరు, పట్టా ఎవరి పేరున? భూమికి పట్టా ఎట్లాగో బండికి ఆర్.సి. అట్లాగ. ఆ రోజు నుంచి ఈ విషయాన్ని వెంటపట్టి చూస్తున్నాను.

టోల్ కట్టేది ఎవరు?

కార్లున్నవాళ్ళే కడతారన్న మాట తీసుకుందాం. జాతీయ రహదారుల మీద రుసుము వసూలు 2008 నాటి ఫీజు నిబంధనల ప్రకారం జరుగుతుంది. ఆ నిబంధనల ప్రకారం మామూలుగా రెండు చక్రాల బండికి, మూడు చక్రాల ఆటోకు, ట్రాక్టరుకు, ఎద్దుల బండికి ఫీజు లేదు. పత్తి ఏరడానికి, నాట్లకు పోయే ఆడవాళ్ళు ట్రాక్టరు ట్రాలీలో నిలబడి పోతారు. దానికి టోల్ లేదు. అదే పదిమంది కొంచెం భద్రంగా జీపులోనో, టాటా మ్యాజిక్‌లోనో కూర్చుని పోతే దానికి ఉంది. ప్రమాదమున్న ప్రయాణం ఫ్రీ, భద్రత కావాలంటే ఫీజు.

ఆ ఫీజు ఎవరి కొంగు ముడిలోంచి పోతుంది? "టోల్ ఉన్నది అక్కా, ఇంకో పది ఇయ్యి" అంటాడు డ్రైవరు. ఆ పదికి రసీదు లేదు. అతను ఎంత కట్టాడో, మనిషికి ఎంత పంచాడో, తిరుగు ప్రయాణానికి తగ్గింపు వచ్చిందో లేదో ఎక్కినామెకు తెలియదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఎంతోమంది స్త్రీలు పోరాడకుండానే పొందిన కొద్ది సౌకర్యాల్లో అది ఒకటి. కానీ తెల్లవారి అయిదు గంటలకు చేనుకు పోయే మనిషి వేళకు బస్సు రాదు. బస్సు లేని చోట, బస్సు రాని వేళ ఆమె టోల్ కడుతూనే ఉంది. లెక్కల్లో మాత్రం ఆమె లేదు.

అట్లాగే కూరగాయలు, వేరుశనగ కాయ, పాలు. మోజర్ల నుంచో, చిన్నమందడి నుంచో సరుకు మార్కెట్‌కు పోయే బండి గేటు దాటితే ఆ ఖర్చు రైతు ధరలో తరుగుతుంది. ఆ రైతు ఇంట్లో ఆడమనిషి కలుపు తీసిన కూలి ఎట్లాగూ లెక్కలోకి రాదు కాబట్టి మొదట తరిగేది అదే.

మనం రోడ్డుకు వాడే 'రహదారి' అనే మాట ఫారసీ నుంచి వచ్చింది. మొగలుల కాలంలో రాహ్‌దారీ అంటే దారి కాచేవాడు బాటసారుల దగ్గర వసూలు చేసే సుంకం. నిజాం రాజ్యంలో సుంకం శాఖను కరోడ్‌గిరి అనేవారు. దారి పేరూ సుంకం పేరూ ఒకటే అయిన భాష మనది. కనుక దారి మీద సుంకం కొత్తది కాదు. సుంకం కట్టినవాళ్ళు లెక్క అడగడం మాత్రం మన ప్రాంతంలో ఇంకా కొత్తే.

నిబంధనలో ఏముంది?

ఇప్పుడు మన గేటు సంగతి. మీ మండలంలోని వెల్టూరు పక్కనుంచే 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. పెద్దవాళ్ళు ఇంకా ఏడో నంబరు రోడ్డే అంటారు. మీకు దగ్గరి గేటు అడ్డాకుల మండలం శాఖాపూర్‌లో ఉంది. అటు హైదరాబాదు వైపు రాయికల్, ఇటు కర్నూలు వైపు పుల్లూరు.

ఇక్కడివాళ్ళు గేటు దగ్గర ఎక్కువగా పెట్టుకునే తగాదా "మేం లోకల్, మాకు ఫ్రీ" అన్నది. ఇందులో ఒక గందరగోళం ఉంది. 2024 సెప్టెంబరులో ఒక సవరణ వచ్చింది. ఉపగ్రహం ద్వారా దూరం లెక్కగట్టే పరికరం ఉన్న బండికి రోజుకు 20 కిలోమీటర్ల వరకు ఫీజు ఉండదని దాని సారాంశం. పత్రికల్లో "20 కిలోమీటర్లు ఫ్రీ" అని పెద్దక్షరాలు వచ్చేసరికి, గేటుకు 20 కిలోమీటర్ల లోపల ఉన్నవాళ్ళందరికీ ఫ్రీ అని ఊళ్ళలో అనుకున్నారు. మామూలు ఫాస్టాగ్ బండికి అది వర్తించదు. తప్పు నిబంధన పట్టుకుని గొడవకు దిగితే ఉన్న హక్కు కూడా చేజారుతుంది.

ఉన్న హక్కు ఇది. గేటుకు 20 కిలోమీటర్ల లోపల నివసించేవారి సొంత అవసరాల బండికి నెలవారీ పాసు ఇవ్వాలి. 2007-08 ధరల్లో దాన్ని నెలకు రూ.150గా పెట్టారు. ఏటా పెరుగుతూ 2024-25లో రూ.340, 2025-26లో రూ.350 అయింది. నెలలో ఎన్నిసార్లయినా ఆ గేటు దాటవచ్చు. వెల్టూరు నుంచి శాఖాపూర్ ఆ దూరంలోపలే ఉంది. 24 గంటల్లో తిరిగి వస్తే రానూపోనూ కలిపి ఒకవైపు ఫీజుకు ఒకటిన్నర రెట్లే పడాలి. సొంత కార్లకు 2025 ఆగస్టు 15 నుంచి మొదట రూ.3,000 ధరతో, ఏడాదికి 200 ట్రిప్పుల పాసు కూడా వచ్చింది. అది దూర ప్రయాణాలు ఎక్కువ చేసేవారికి. రోజూ ఒకే గేటు దాటే మనకు నెల పాసే మేలు.

ఈ నిబంధన మాటలను జాగ్రత్తగా చూడండి. పాసు బండి ఉన్న మనిషికి అంటుంది. కానీ నివాసం షరతు దగ్గర "డ్రైవరు, యజమాని లేదా బండి బాధ్యతలో ఉన్న వ్యక్తి" 20 కిలోమీటర్లలోపు ఉండాలి అంటుంది. అంటే రోజూ ఆ బండి నడిపే మనిషిని చట్టం గుర్తించింది. భర్త హైదరాబాదులోనో, బొంబాయిలోనో పనిచేస్తూ, బండి ఆయన పేరున ఉండి, ఇక్కడ స్కూలుకు, ఆస్పత్రికి, బ్యాంకుకు నడిపేది భార్య అయితే, ఆమె ఇక్కడి నివాసం చూపి పాసు అడగవచ్చు. "సార్ ఆధార్ ఇక్కడిది కాదు" అని తిప్పి పంపితే ఆ వాక్యం చూపించి, కాదన్న మాట కాగితం మీద రాసిమ్మనండి. పాలమూరు వలసల జిల్లా. మగవాడు వలసపోయిన ఇంట్లో అన్ని బాధ్యతలూ ఆడమనిషివే, కాగితాలు మాత్రం పోయినవాడివి. అందుకే ఆ వాక్యం విలువ మనకు తెలియాలి.

గీత అటు, ఇటు

సరుకు బండ్లకు, కిరాయి బండ్లకు ఈ లోకల్ పాసు రాదు. వాటికి వేరే రాయితీ ఉంది. గేటు ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లాలో రిజిస్టరైన వాణిజ్య వాహనానికి, నేషనల్ పర్మిట్ లేకపోతే, సగం ఫీజే పడాలి.

ఇక్కడే మీకు అన్యాయం జరిగింది. 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లాను విడగొట్టారు. పెద్దమందడి వనపర్తి జిల్లాలోకి వచ్చింది. అడ్డాకుల, దానితో పాటు శాఖాపూర్ గేటు, మహబూబ్‌నగర్‌లో ఉండిపోయాయి. గేటు కదల్లేదు, వెల్టూరు కదల్లేదు. మధ్యలో గీత వచ్చింది. ఎంతో దూరాన మహబూబ్‌నగర్ జిల్లా అవతలి కొసన ఉన్న 06 నంబరు బండికి సగం, పక్క ఊరి 32 నంబరు బండికి పూర్తి ఫీజు అన్నది నిబంధన అక్షరం. 2016కు ముందు పాత జిల్లాలో రిజిస్టరై, ఇప్పుడు వనపర్తిలో ఉన్న బండికి ఏ లెక్క? ఇది గేటులో కూర్చున్న పిల్లతో తేలేది కాదు. మండలంలోని సంఘాలన్నీ కలిసి జాతీయ రహదారుల సంస్థ ప్రాజెక్టు డైరెక్టరుకు, ఇద్దరు కలెక్టర్లకు రాయవలసిన అర్జీ. జిల్లాల విభజన పాలనను ప్రజలకు దగ్గర చేయడానికన్నారు. దగ్గరి గేటు వరకు దాన్ని ఎందుకు తీసుకురాకూడదని అడగాలి.

పోయిన మనిషి ఫోను

ఇప్పుడొక అక్క కథ చెబుతాను. ఊరు, పేరు చెప్పను. భర్త చిన్న సరుకు బండి నడిపేవాడు. గుండెపోటుతో పోయాడు. బండి మీద అప్పు ఉంది, ఇద్దరు పిల్లలు. ఆమె డ్రైవరును పెట్టి బండి తిప్పుతోంది. బండి పోయినాయన పేరున, ఫాస్టాగ్ ఆయన ఫోను నంబరుకు, ఆ సిమ్ మరిది దగ్గర. ట్యాగ్‌లో డబ్బు ఎంతుందో, ఎక్కడ ఎంత కట్ అయిందో మరిది చెబితేనే ఆమెకు తెలుస్తుంది. బ్యాలెన్స్ అయిపోయింది తెలియక గేటు దగ్గర డ్రైవరు రెట్టింపు నగదు కట్టి వచ్చి, జీతంలో పట్టుకోకుండా ఆమె దగ్గరే తీసుకున్నాడు. రెండోసారి అట్లాగే జరిగేసరికి డ్రైవరు దొంగ అని మరిది, మరిది లెక్క చెప్పడు అని డ్రైవరు.

"మేడమ్, బండి నాదే అంటరు. దాని ముచ్చట ఒక్కటి నా ఫోన్ల రాదు" అన్నది ఆమె.

అందరికీ చెప్పండి. భర్త చనిపోతే 30 రోజుల్లోపు రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల్లోపు బండిని తన పేరున మార్చమని వారసురాలు దరఖాస్తు చేసుకోవాలి. ఆ మూడు నెలలు బండి నడుపుకోవచ్చు. దరఖాస్తు ఫారం నంబరు 31. తర్వాత ఆ కాగితంతో బ్యాంకుకు పోయి ట్యాగ్‌ను తన పేరుకు, తన ఫోనుకు మార్పించుకోవాలి. దినాలలో ఉన్న ఆడమనిషిని ఎవరు ఆఫీసుకు పోనిస్తారు? అందుకే సంఘం పోవాలి. పింఛను దరఖాస్తుకు వెంట వెళ్ళినట్టే దీనికీ వెళ్ళాలి.

ఫిర్యాదు చేసే పద్ధతి

ఇది రాసుకోండి. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. పనిచేసే ట్యాగ్ లేకుండా వస్తే నగదుకు రెట్టింపు పెట్టారు. 2025 నవంబరు 15 నుంచి అదే ఫీజు యు.పి.ఐ. ద్వారా కడితే రెట్టింపు కాకుండా ఒకటింబావు రెట్లు. కానీ ట్యాగ్ బాగుండి, డబ్బు ఉండి, గేటులో యంత్రం పనిచేయకపోతే ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. బండిని వదిలి, సున్నా రసీదు ఇవ్వాలి. 2018 నుంచి ఇది నిబంధన. చాలామంది తెలియక కట్టి వస్తున్నారు.

డబ్బు రెండుసార్లు పోయినా, మీ బండి ఇంట్లో ఉండగా పోయినా, కారుకు లారీ రేటు పడినా, ముందు మెసేజ్‌ను చెరపకండి. గేటు పేరు, తేదీ, గంట, లేను నంబరు రాసుకోండి. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. 1033కు ఫోన్ చేసి అక్కడా నంబరు తీసుకోండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, ఖర్చు లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల లోపు విషయానికి ఫీజు లేదు.

గేటులో కూర్చున్న అమ్మాయితో కొట్లాడకండి. ఆమె కాంట్రాక్టు కింద రాత్రి పగలు పొగలో కూర్చునే మనిషి. ఆమె చేతిలో రేటు మార్చే అధికారం లేదు. లెక్క తక్కువైతే ఎవరి జీతంలో పట్టుకుంటారో కూడా మనం ఆమెను అడిగి తెలుసుకోవాలి.

"నూట యాభై రూపాయలకు ఇంత తిరుగుడా?" అని అడుగుతారు. 2025-26లో ఇక్కడ ఉపాధి హామీ రోజు కూలి రూ.307. నూట యాభై అంటే ఎండలో సగం రోజు.

రోడ్డు ఏమిచ్చింది?

చివరి మాట. ఫీజు దేనికి కడుతున్నాం? మంచి రోడ్డుకు. 2025 ఆగస్టులో కేరళలోని పాలియెక్కర గేటు దగ్గర రోడ్డు అధ్వాన్నంగా ఉందని అక్కడి హైకోర్టు వసూలు ఆపింది. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులో జోక్యం చేసుకోలేదు. సేవ లేనప్పుడు సుంకం అడిగే హక్కు లేదన్నమాట కోర్టుల్లో నిలిచింది.

మంచి రోడ్డు అంటే ఎవరికి మంచి? ఇదే రహదారి మీద షాద్‌నగర్ వైపు పెద్దకుంట తండా ఉంది. నాలుగు వరసల రోడ్డు ఆ తండాకూ మిగతా ఊరికీ మధ్యగా పోయింది. పింఛనుకు, రేషనుకు, పనికి రోడ్డు దాటుతూ మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. దేశవిదేశాల పత్రికలు దాన్ని 'హైవే వితంతువుల ఊరు' అని రాశాయి. ఆ స్త్రీలకు కారు లేదు, ఫాస్టాగ్ లేదు. ఆ రోడ్డు కింద ఒక దారి అడిగినవాళ్ళు వాళ్ళు. సర్వీసు రోడ్డు ఉంటే లోకల్ పాసు ఇవ్వనక్కర్లేదని నిబంధన చెబుతుంది. అయితే ఎక్కడెక్కడ ఆ సర్వీసు రోడ్డు ఉందో, నెత్తిన మూటతో ఆడమనిషి దాటే చోటు ఎక్కడుందో చూపించమని మనం అడగాలి.

అందుకని మూడు పనులు. ప్రతి సంఘంలో ఒక్క సమావేశం పెట్టి, ఇంట్లో బండి ఎవరి పేరున ఉంది, ట్యాగ్ మెసేజ్ ఎవరి ఫోనుకు వస్తుంది అని రాసుకోండి. జిల్లా గీత గురించి అర్జీ అందరి సంతకాలతో పంపండి. కిరాయి బండ్లలో టోల్ పేరున మనిషికి ఎంత తీసుకుంటున్నారో కాగితం మీద అంటించమని డ్రైవర్ల యూనియన్లతో మాట్లాడండి. వాళ్ళూ మనవాళ్ళే.

నేను చెప్పిన అక్క సంగతి ముగిస్తాను. మేం ఫిర్యాదు చేశాం, చాలాసార్లు ఫోన్లు చేశాం. తప్పుగా పోయిన సొమ్ములో ఒక భాగం ట్యాగ్‌లోకి తిరిగి వచ్చింది. వచ్చినట్టు మెసేజ్ మరిది ఫోనుకే వచ్చింది. ఆమె నవ్వి, "అయితే ఇంకా పని ఉన్నట్టే గదా మేడమ్" అన్నది. మరుసటి వారం మేమిద్దరం ఫారం 31 పట్టుకుని ఆఫీసు మెట్లెక్కాం.